చతురంగ యోధుడు మీర్ సుల్తాన్ ఖాన్

చతురంగము మన దేశమున పుట్టిన క్రీడ. ఏడవ శతాబ్దివాడగు బాణభట్టు హర్షచరిత్రమునందే దీని ప్రస్తావన కలదు. అంతకు పూర్వమే, ఖుస్రూ అనూషిర్వాను పరిపాలన కాలమున, ఇది పారసీక దేశమునకు పోయినదని ఆ దేశపు గ్రంథములు చెప్పుచున్నవి. పారసీకుల నుండి అరబ్బులును, అరబ్బుల నుండి స్పెయిను, ఇటలీ దేశస్థులును దీనిని నేర్చిరి. పదునైదవ శతాబ్ది చివరి భాగమున ఐరోపావారు మంత్రికిని శకటునకును క్రొత్త గతులు కల్పించి ఆటకు వేగము తెచ్చిరి. ఆ క్రొత్త యాట పాశ్చాత్య ఖండమంతట వ్యాపించెను. మన యిండ్లలోని యాటయందు మాత్రము పాత మర్యాదలు పెక్కు నిలిచిపోయెను. ఇట్లు పుట్టినిల్లు విడిచి పరదేశములలో పెరిగిన యీ విద్య వెంట, పుట్టినింటివాడొకడు పోయి, పరదేశీయుల నిబంధనలతోనే, వారి సభలలోనే వారిని జయించి, దీని మాతృదేశ మేదో లోకమునకు జ్ఞాపకము చేసెను. ఆతడే మీర్ సుల్తాన్ ఖాన్.

ఆంధ్రులకు ఈ క్రీడ క్రొత్తది గాదు. శ్రీకృష్ణదేవరాయల కాలమున బొడ్డుచర్ల తిమ్మన చదరంగమున ప్రభువునే ఓడించి కొప్పోలు గ్రామమును బహుమానముగా బడసెనని మన చాటుకథలు చెప్పుచున్నవి. ఆ రాయల రాజ్యమునకు పెట్టనికోటగా నుండిన ఆదవాని దుర్గము 1568లో బిజాపురమువారి వశమైనను, రాజ్యములతో పాటు ఆటలు అంతరింపలేదు. మన రచ్చబండల మీదను, గుడి మండపముల రాతినేల మీదను గీసియున్న పులిమేక గీతలే యిందుకు సాక్ష్యము. విద్యను విదేశములకు పంపుటలోను దక్షిణాపథము వెనుకబడలేదు. తన పేరునందే తిరుమల కొండను ధరించిన తిరువేంగడాచార్య శాస్త్రి సంస్కృతమున రచించిన చదరంగ సమస్యలు, ఐరోపా పద్ధతికి అనుగుణముగ ఆంగ్లీకరింపబడి 1814లో బొంబాయి నగరమున అచ్చుపడెను. మూడేండ్లలో, 1817న, విలియం లూయిస్ అను ఆంగ్ల క్రీడాకారుడు వానిని లండనులో మరల ప్రకటించెను. చెన్నపట్టణమునకును హైదరాబాదునకును నడుమ ఉత్తరముల మూలమున జరిగిన రెండాటలను చేర్చి, గులాం కాసిం, జేమ్సు కాక్రేను అనువారు 1829లో చెన్నపురియందు ఒక గ్రంథము ప్రకటించిరి. ఇట్లు గ్రంథములు సముద్రము దాటెను గాని, గ్రంథమునకు మించి నమ్మించునది మనుష్యుడు. ఆ మనుష్యుడు బయలుదేరుటకు మఱి నూఱేండ్లు పట్టెను.

సుల్తాన్ ఖాన్ ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో పంజాబు రాష్ట్రమందలి మిఠా టివానా గ్రామమున జన్మించెను. ఆ గ్రామము నేడు పాకిస్తానులో నున్నది. తొమ్మిదేండ్ల వయసుననే తండ్రి వద్ద దేశీయమైన చదరంగమును నేర్చెను. ఇరువది యొకటవ యేటికే పంజాబులో ఆయనకు సమానుడు లేడను ఖ్యాతి కలిగెను. ఆ సమయముననే సర్ ఉమర్ హయాత్ ఖాన్ టివానా దృష్టి ఆయనపై బడెను. ఈ జమీందారు విశాలమైన భూములకు అధిపతి. సైన్యమున ఉన్నత బిరుదములు పొందినవాడు. బ్రిటిషు ప్రభుత్వమునకు పరమ విధేయుడు. చదరంగముపై మోజు మెండు. సుల్తాన్ ఖానును తన పరివారమున చేర్చుకొని, వేతనమిచ్చి, ఐరోపా పద్ధతిని నేర్పించెను. 1928లో జరిగిన అఖిల భారత పోటీయందు సుల్తాన్ ఖాన్ ఒక్క యాటయైన ఓడక ప్రథమస్థానము బడసెను.

ఈ రెండు పద్ధతుల భేదమును గుర్తించినగాని ఆయన సాధించిన దానిలోని కాఠిన్యము తెలియదు. దేశీయమైన యాటలో బంటు మొదటి ఎత్తున సైతము ఒక్క గడియే కదలును. ఐరోపా యాటలో మొదటి ఎత్తున రెండు గడులు పోవచ్చును. మన యాటలో రాజు ఒక్కసారి గుఱ్ఱపు గంతు వేయవచ్చును; వారి యాటలో ఆ గంతు లేదు, దానికి మారుగా ఏనుగుతో గూడి కోట కట్టుకొనవచ్చును. చివరి వరుసకు చేరిన బంటు మన పద్ధతిలో ఏ వరుసన నడచునో ఆ వరుసకు తగిన బలముగానే మారును. వారి పద్ధతిలో ఆటగాడు కోరిన బలముగా మారవచ్చును. అందువలన మన యాట మెల్లగా మొదలై, బలగములు రెండును చక్కగ నిలిచిన పిమ్మటనే పోరుగా మారును. పాశ్చాత్యులదో, మొదటి పది యెత్తులలోనే జయాపజయములు తేలిపోగల యాట. ఆ మొదటి యెత్తులను గూర్చి వారు శతాబ్దముల తరబడి పుస్తకములు వ్రాసికొనియుండిరి. సుల్తాన్ ఖానునకు ఆ పుస్తకములతో పరిచయము స్వల్పము, ఆంగ్లభాషతోను స్వల్పమే. అనగా, ప్రతి యాటయందును ప్రత్యర్థి బాట తెలిసి నడువగా, ఆయన చీకటిలో దారి వెదకికొనుచు బయలుదేరవలసి వచ్చెను.

1929 వసంతమున ఉమర్ హయాత్ ఖాన్ ఇండియా మంత్రి సలహా సంఘమున సభ్యుడై లండనునకు పోవుచు సుల్తాన్ ఖానును వెంట గొనిపోయెను. అభ్యాసము కొఱకు ఏర్పరచిన మొదటి చిన్న పోటీలో ఆయన చివరి స్థానమును మఱియొకనితో పంచుకొనెను. ఆంగ్ల క్రీడాకారులలో అగ్రగణ్యులగు విలియం వింటరు, ఫ్రెడరిక్ యేట్సు అనువారు ఆయనయందలి శక్తిని గుర్తించి కొంతకాలము శిక్షణ మొసంగిరి. ఆ వేసవిలోనే రామ్సుగేటు పట్టణమున జరిగిన బ్రిటిషు సామ్రాజ్య పోటీలో సుల్తాన్ ఖాన్ ప్రథముడయ్యెను. దేశమునకు వచ్చి కొన్ని మాసములైనను నిండని పరదేశి, వారి నిబంధనలు నేర్చి కొలది సంవత్సరములే యైనవాడు, వారి కిరీటమును అపహరించుట ఆంగ్లేయులకు విస్మయకర మయ్యెను.

1930 మేలో రెండవమారు ఐరోపాకు పోయిన పిమ్మట ఆయన విజయములు వరుసగా వచ్చెను. లియేజి నగరమున టార్టకోవరు తరువాత ద్వితీయస్థానము లభించెను. 1930-31 సంవత్సరపు హేస్టింగ్సు పోటీలో అయివే, కాపబ్లాంకాల తరువాత తృతీయుడయ్యెను. అంతకు మించి, ఆ పోటీయందే కాపబ్లాంకాను ఓడించెను. ఈ క్యూబా దేశస్థుడు 1921 నుండి 1927 వఱకు ప్రపంచ విజేత. ఓటమి యెరుగని యంత్రమని లోకము చెప్పుకొనిన వాడు. ఆ యాటలో సుల్తాన్ ఖాన్ మాయోపాయములేవియు పన్నలేదు. ప్రత్యర్థి బలగమునకు కదలుటకు చోటు లేకుండ మెల్లమెల్లగా బిగించి, ఓర్పుతో గెలిచెను. ఆ యాటను నేటికిని చదరంగ విద్యార్థులు చదువుకొనుచున్నారు. 1931 జనవరిలో టార్టకోవరుతో పండ్రెండాటల పందెము జరుగగా ఆఱున్నర యైదున్నరలతో జయించెను. ఆ సంవత్సరమే ప్రాగు నగరపు అంతర్జాతీయ పోటీలో బ్రిటను జట్టునకు మొదటి బల్లపై కూర్చుండి, ఫ్లోరును, రూబిన్స్టైనును ఓడించి, అప్పటి ప్రపంచ విజేతయగు అలేఖినుతో సమముగా నిలిచెను. 1932లోను, 1933లోను బ్రిటిషు విజేతృత్వము మరల ఆయనదే.

ఈ జయములను ఆయన ఆరోగ్యవంతుడై సాధింపలేదు. మలేరియా జ్వరము తరచు తిరుగబెట్టుచుండెను. ఆంగ్లదేశపు చలికి గొంతు వాచి, మెడకు గుడ్డ చుట్టుకొని బల్లముందు కూర్చుండిన దినములు పెక్కు. అయినను ముఖమున వికారముగాని, నోట పరుషవాక్యముగాని యెవ్వరు నెరుగరు. ఉమర్ హయాత్ ఖాన్ పరివారముననే యుండిన ఫాతిమా అను యువతియు 1933లో బ్రిటిషు మహిళా విజేత యయ్యెను. ఒక్క యింటినుండి వచ్చిన యిద్దరు ఒకే సంవత్సరమున ఆ దేశపు రెండు కిరీటములను ధరించుట మన చరిత్రకారులు మరువరాని సంగతి.

ఈ కీర్తి వెనుక నున్న మఱియొక చిత్రమును దాచుట ధర్మము గాదు. 1933లో ఫోక్‌స్టను పోటీకి వచ్చిన అమెరికా జట్టువారిని ఉమర్ హయాత్ ఖాన్ తన లండను గృహమునకు విందునకు పిలిచెను. ఆ విందులో అతిథులకు వడ్డన చేసినవాడు సుల్తాన్ ఖానే యని జట్టులోని రూబెన్ ఫైను తరువాత వ్రాసియున్నాడు. బల్లముందు తమ్ము గజగజలాడించు మహాయోధుడు బల్లప్రక్కన పళ్లెము పట్టుకొని నిలుచుట చూచి అతిథులు సిగ్గుపడిరట. సుల్తాన్ ఖాన్ వంశీయులు మాత్రము, ఆయన పరిచారకుడు కాడనియు, స్వగ్రామమున భూవసతి గల గౌరవ కుటుంబమువాడనియు వాదించుచున్నారు. సత్యమేదైనను ఒక్క విషయమునందు భేదము లేదు. ఆడుటయా మానుటయా, లండనున నుండుటయా మరలి పోవుటయా యనునది ఆయన చేతిలో లేదు. పోటీల పట్టికలలో ఆయన పేరెదుట నిలిచిన జెండాయు మనది గాదు. దేశము పరాధీనము, ఆటగాడు పరాధీనుడు.

1933 చివర జమీందారు స్వదేశమునకు మరలెను. ఆయనతో సుల్తాన్ ఖానును మరలెను. పట్టుమని అయిదేండ్లయినను నిండని ఆ విదేశ క్రీడాజీవితము అంతటితో ముగిసెను. 1935లో ఖాడిల్కరుతో పదియాటలాడి తొమ్మిదింట గెలిచి, ఒక్కదానిని సమము చేసెను. ఆ తరువాత పెద్ద పోటీలలో ఆయన పేరు వినరాలేదు. 1944లో ఉమర్ హయాత్ ఖాన్ మరణించెను. సుల్తాన్ ఖాన్ సర్గోధా ప్రాంతమున సేద్యము చేసికొనుచు సంసారమును పోషించుకొనెను. తన బిడ్డలకు చదరంగమును నేర్పుటకు ఇచ్చగింపక, అంతకంటె ఉపయోగకరమైన పని చూచుకొనుడని చెప్పెనట. అట్టి విద్యావంతుని నోట అట్టి హితవు వచ్చుటకంటె విషాదకరమైన దేమి కలదు? 1966 ఏప్రిల్ 25వ తేదీన క్షయవ్యాధితో ఆయన కన్నుమూసెను.

1950లో అంతర్జాతీయ చదరంగ సంఘము మొదటిసారి గ్రాండుమాస్టరు బిరుదముల నొసగినప్పుడు, ఆ పట్టికలో ఆయన ఓడించిన ఫ్లోరు, టార్టకోవరు, రూబిన్స్టైనులు కలరు, ఆయన లేడు. ఆ లోపమును ఆ సంఘమే 2024 ఫిబ్రవరిలో గౌరవ బిరుద మొసగి దిద్దుకొనెను. అప్పటికి ఆయన మరణించి ఏబదియేడేండ్లు దాటెను. ఈలోపల ఆయన తెరచిన బాటన మనవారు చాలదూరము నడచిరి. 1988లో విశ్వనాథన్ ఆనంద్, 2001లో గుంటూరు వాడగు పెండ్యాల హరికృష్ణ, 2002లో గుడివాడ బిడ్డయగు కోనేరు హంపి ఆ బిరుదమును పొందిరి. వీరెవ్వరును ఒక ప్రభువు ఓడ వెంట పోయి, ఆ ప్రభువు ఓడతోనే మరలినవారు గారు. వీరి పేరెదుట నిలిచిన జెండా మనది.

ఉమర్ హయాత్ ఖానును నిందించుటతో మన కర్తవ్యము తీరదు. ఆయన లేకున్న మిఠా టివానా గ్రామపు యువకుని పేరు లోకమునకు తెలిసెడిది గాదు. ఆయన ద్రవ్యమిచ్చెను, గురువుల నిచ్చెను, ఓడ టిక్కెట్టు నిచ్చెను. స్వాతంత్ర్య మొక్కటి ఇయ్యలేదు. తిమ్మన కథను దీనిప్రక్క నుంచి చూడుడు. రాయలు తన్ను ఓడించిన వానిని పరివారములో కట్టివేయలేదు. ఊరిచ్చి స్వతంత్రుని జేసెను. అది చాటుకథయే కావచ్చును, కాని మన పూర్వులు ఏది ఔదార్య మని తలచిరో అది చెప్పుచున్నది.

ఆదవాని ప్రత్తి వర్తకులలోను, ఎమ్మిగనూరు ప్రాంతపు భూస్వాములలోను కళాభిమానులు లేకపోలేదు. పాటకునకు శాలువ, మల్లునకు కడియము, భాగవతులకు సంభావన యిచ్చుట మన యాచారము. ఒక్కరాత్రి సన్మానము సులభము. పేదవాని కొడుకొకడు పావులు చేతబట్టినప్పుడు, వాడు తన యింటనే యుండి నేర్చుకొనునట్లు గురువును, పుస్తకమును, పోటీకి పోవు దారిబత్తెమును సమకూర్చి, గెలుపును వానిదిగా, నిర్ణయమును వానిదిగా విడిచిపెట్టుట కష్టము. ఆ కష్టమునకు సిద్ధపడినవాడే పోషకుడు. తక్కినవాడు యజమాని మాత్రమే. సుల్తాన్ ఖాన్ మన పుట్టినింటి విద్యకు ప్రపంచమున గౌరవము తెచ్చెను. ఆ గౌరవము తెచ్చినవాడు తన బిడ్డలను ఆ విద్యనుండి తప్పించుకొనుడని చెప్పవలసిన దుస్థితి మన గ్రామములలో మఱి యొకనికి రాకుండ చూచుటయే మనము ఆయనకు తీర్పవలసిన ఋణము.