డ్యూక్ కహనమోకు

పసిఫిక్ మహాసముద్రపు నడుమ, ఏ ఖండమునకును చేరువగాని చోట, హవాయి దీవులు కలవు. వానిలో ముఖ్యపట్టణమైన హొనొలులులో 1890వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన డ్యూక్ కహనమోకు జన్మించెను. ఇంగ్లీషు భాషలో డ్యూక్ అనునది ప్రభువుల బిరుదు. ఇతనికి మాత్రము అది తలిదండ్రులు పెట్టిన పేరే. 1869లో ఎడింబరో డ్యూక్ హవాయికి వచ్చిన సందర్భమున ఇతని తండ్రికి ఆ పేరు పెట్టిరి. తండ్రి దానిని తన పెద్దకుమారునకు ఇచ్చెను.

డ్యూక్ పుట్టినప్పుడు హవాయిని స్వదేశ రాజులే ఏలుచుండిరి. 1893లో రాణి లిలియుకలాని సింహాసనమును కోల్పోయెను. 1898లో ఆ దీవులు అమెరికాలో కలిసిపోయినవి. అందుచేత డ్యూక్ పెద్దవాడై ఏ జెండా క్రింద ఈదవలసివచ్చెనో, అది అతడు పుట్టిననాటి జెండా కాదు.

వైకీకీ సముద్రతీరమే అతని బాల్యక్రీడాస్థలము. కొయ్యపలకపై నిలిచి అలల మీద స్వారి చేయుట హవాయివాసుల ప్రాచీన క్రీడ. డ్యూక్ దానిలో ఆరితేరెను. ఈదునప్పుడు కాళ్లను నీటిలో ఎడతెగక పైకి క్రిందికి ఆడించుటయే అతని వేగమునకు మూలమని చూచినవారు చెప్పుకొనెడివారు.

1911 ఆగస్టు 11న హొనొలులు రేవులో ఈత పందెములు జరిగెను. డ్యూక్ 100 గజములను 55.4 సెకనులలో ఈదెను. అది అప్పటి రికార్డుకంటె 4.6 సెకనులు తక్కువ. అమెరికాలోని క్రీడాధికారులు దీనిని నమ్మలేదు. సముద్రప్రవాహము తోడ్పడియుండునని కొందరు శంకించిరి. గడియారములే సరియైనవి కావని మరికొందరు పరిహసించిరి. రికార్డు అంగీకరింపబడలేదు. అంతట హవాయి ప్రజలు చందాలు వేసికొని తమ యువకుని అమెరికాకు పంపిరి. గోడల నడుమ కట్టిన కొలనులో, చన్నీటిలో, గోడను తన్ని మరలి ఈదుట అతనికి క్రొత్త. అయినను కొలదికాలములోనే అలవరచుకొని, 1912లో స్టాక్‌హోమ్ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలకు ఎన్నికయ్యెను.

అచ్చట ఒక చిక్కు వచ్చిపడెను. వేళను గూర్చిన పొరపాటువలన డ్యూక్, అతని సహచరులును 100 మీటర్ల పందెపు సెమీఫైనలుకు హాజరు కాలేదు. నియమము ప్రకారము వారు పోటీనుండి తొలగవలసినదే. అప్పుడు వారికి మరియొక అవకాశమీయవలెనని వాదించినవారిలో సెసిల్ హీలీ అను ఆస్ట్రేలియా ఈతగాడు ముఖ్యుడు. డ్యూక్ లేనిచో పతకము తనకే దక్కుటకు మిక్కిలి అవకాశమున్నదని హీలీ ఎరుగనివాడు కాడు. ప్రత్యేకముగ ఒక పోటీ ఏర్పాటు చేయబడెను. డ్యూక్ దానిలో నెగ్గి, ఫైనలులో 1 నిమిషము 3.4 సెకనులలో గమ్యము చేరి స్వర్ణపతకమును గెలిచెను. రెండవస్థానము హీలీది. ముందటి యేడు పరిహసించినవారికి అంతకంటె వేరు సమాధానము అక్కరలేకపోయెను.

తరువాత రిలే పందెము వచ్చెను. ఇందులో ఒక్కొక్క జట్టునుండి నలుగురు, ఒకరి తరువాత ఒకరు, తలకు 200 మీటర్లు ఫ్రీస్టైల్ పద్ధతిలో ఈదవలెను. ముందటివాడు గోడను తాకినగాని వెనుకటివాడు గట్టు విడిచి నీటిలోనికి దుముకరాదు. ఒక్కని వేగముతో గెలువగల పందెము కాదిది. అదిగాక 200 మీటర్లనగా డ్యూక్ నెగ్గిన దూరమునకు రెట్టింపు. ఆస్ట్రేలియా, న్యూజిలండు దేశములు కలిసి నిలిపిన జట్టు 10 నిమిషముల 11.6 సెకనులలో ముగించి గెలిచెను. ఆ నలుగురిలో సెసిల్ హీలీ ఒకడు! అమెరికా జట్టు సుమారు తొమ్మిది సెకనులు వెనుకబడెను. ప్రపంచమునందెల్ల వేగవంతుడైన ఈతగాడు ఆ జట్టులో ఉండియు రజతపతకమే లభించెను.

1914 చివర డ్యూక్ ఆస్ట్రేలియాకు వెళ్లెను. సిడ్నీ చెంతనున్న ఫ్రెష్‌వాటర్ తీరమున, తాను స్వయముగ చెక్కుకొన్న పలకనెక్కి అలలపై స్వారిచేసి జనులను అబ్బురపరచెను. నేటికిని ఆస్ట్రేలియావారు ఆ సంగతిని తలచుకొందురు. 1916లో బెర్లినులో జరుగవలసిన ఒలింపిక్ క్రీడలు యుద్ధమువలన ఆగిపోయెను. ఈతగానికి మిక్కిలి విలువైన యౌవనము ఆ విధముగ గడచిపోయెను. డ్యూక్‌కు పోయినది కాలము మాత్రమే. సెసిల్ హీలీ 1918 ఆగస్టు 29న ఫ్రాన్సులోని రణరంగమున మరణించెను.

1920లో ఒలింపిక్ క్రీడలు బెల్జియములోని ఆంట్‌వర్ప్ నగరమున జరిగెను. ఈత పందెములు జరిగిన నీరు ఎముకలు కొరుకునంత చల్లన. ఆగస్టు 24న, తన ముప్పదియవ జన్మదినమున, డ్యూక్ 100 మీటర్లను 1 నిమిషము 0.4 సెకనులలో ఈది గెలిచెను. పోటీలో తనకు అడ్డు కలిగినదని ఆస్ట్రేలియా ఈతగాడొకడు ఫిర్యాదు చేయగా, అధికారులు పందెమును మరల జరిపించిరి. డ్యూక్ మరల గెలిచెను. రెండవ, మూడవ స్థానములును హవాయివారికే దక్కెను.

ఇక మిగిలినది రిలే. స్టాక్‌హోములో ఓడిన నలుగురిలో డ్యూక్ గాక పెర్రీ మెక్‌గిలివ్రే మాత్రమే ఈ జట్టులో నుండెను. నార్మన్ రాస్, హవాయివాడైన పువా కెయలోహా క్రొత్తగా చేరిరి. ఈమారు తొట్రుపాటు లేదు. అమెరికా జట్టు 10 నిమిషముల 4.4 సెకనులలో ముగించి ప్రపంచ రికార్డును నెలకొల్పెను. ఆస్ట్రేలియా జట్టు గోడను తాకుటకు ఇంకను 21 సెకనులు పట్టెను. ఎనిమిదేండ్లనాటి కొరత తీరెను.

1924లో పారిస్ క్రీడలలో జానీ వైస్‌ముల్లర్ అను యువకుడు 100 మీటర్లలో డ్యూక్‌ను ఓడించెను. రజతపతకము డ్యూక్‌కు, కాంస్యపతకము అతని తమ్ముడు శామ్యూల్‌కు లభించెను. అప్పటికి డ్యూక్ వయస్సు ముప్పదిమూడు.

మరుసటియేడు జూన్ 14న కాలిఫోర్నియాలోని కరోనా డెల్ మార్ తీరమున, పెద్ద అలల తాకిడికి థెల్మా అను పడవ తలక్రిందులయ్యెను. అందు 29 మంది ఉండిరి. డ్యూక్ తన పలకతో ఆ సుడులలోనికి చొచ్చుకొనిపోయి, దొరికినవారిని పలకపై చేర్చి ఒడ్డునకు తెచ్చి, మరల మరల వెళ్లెను. మిత్రులును తోడ్పడిరి. 17 మంది మరణించిరి. బ్రతికిన 12 మందిలో 8 మందిని కాపాడినది డ్యూక్. అచ్చట కాలమును కొలుచువారు లేరు, పతకములును లేవు. అతని జీవితమున దీనికి సమానమైన ఈత మరియొకటి లేదు.

ఆ కాలపు నియమముల ప్రకారము ఒలింపిక్ క్రీడాకారుడు ఆటవలన ధనమార్జింపరాదు. కావున డ్యూక్ జీవనమునకై పలుపనులు చేయవలసివచ్చెను. 1934 నుండి 1960 వరకు హొనొలులు ప్రజలు అతనిని షెరీఫ్ పదవికి ఎన్నుకొనుచు వచ్చిరి. 1968 జనవరి 22న అతడు మరణించెను. చితాభస్మమును వైకీకీ సముద్రమున కలిపిరి.

1990లో అదే తీరమున అతని కంచువిగ్రహమును ప్రతిష్ఠించిరి. విగ్రహము సముద్రమునకు వీపు త్రిప్పియున్నదని, డ్యూక్ ఎన్నడును అట్లు నిలువలేదని కొందరు పాతకాపులు ఆక్షేపించిరి. దర్శింప వచ్చినవారు మాత్రము ఆ చాచిన చేతులకు పూలదండలు తగిలించి పోవుచుందురు.