ఖద్దరు శిల్పి మగన్‌లాల్ గాంధీ

ఖద్దరు అనగానే గాంధీజీ పేరు జ్ఞప్తికి వచ్చుట సహజము. ఆ వస్త్రమును పునరుద్ధరింపవలెనన్న సంకల్పము ఆయనదే. కాని సంకల్పము ఒక్కటే బట్ట కాజాలదు. ప్రత్తినుండి గింజలు తీయవలెను, దూది ఏకవలెను, ఏకులు చుట్టి నూలు వడకవలెను, పడుగు సవరించి, గంజి పట్టించి, మగ్గమున నేయవలెను. ఇందులో ఏ ఒక్క పని చెడినను బట్ట చెడును. ఒకప్పుడు దేశమున ఇంటింట నెలకొనియుండిన ఈ విద్య, 19వ శతాబ్దమున యంత్రపు నూలు తాకిడికి పెక్కు ప్రాంతములలో మరుగుపడినది. దానిని మరల చేతులార నేర్చి, పదిమందికి నేర్పి, శాస్త్రముగా కూర్చినవారిలో అగ్రగణ్యులు మగన్‌లాల్ గాంధీ.

ఆయన 1883లో జన్మించిరి. తండ్రి ఖుశాల్‌చంద్ గాంధీజీకి జ్ఞాతి సోదరులు. కనుక మగన్‌లాల్ వారికి కుమారుని వరుస. 1903లో ధనార్జన కోరి గాంధీజీ వెంట దక్షిణాఫ్రికాకు పోయి, అచట దుకాణము పెట్టిరి. ఏడాది గడచునంతలో ఆయన జీవితమే మారిపోయినది. 1904లో గాంధీజీ దర్బను నగర సమీపమున ఫీనిక్సు ఆశ్రమమును స్థాపించి, స్వచ్ఛందముగా పేదరికమును స్వీకరింపుడని బంధుమిత్రులను ఆహ్వానించిరి. వచ్చినవారిలో కొందరు తరువాత మరలిపోయిరి. మగన్‌లాల్ మాత్రము దుకాణము కట్టిపెట్టి వచ్చినవారు మరల వ్యాపారము వైపు చూడలేదు. ఆశ్రమమున నడచుచుండిన ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికకు అక్షరములు కూర్చు పనిని అచిరకాలముననే సాధించిరి. పనిముట్టు ఏదైనను ఆయన చేతికి లొంగుననుట అచటనే వెల్లడియైనది.

ఆ పత్రిక మూలముననే ఆయన మరియొక మహాకార్యములో పాలు పంచుకొనిరి. 1906లో భారతీయులు ఆరంభించిన అహింసా పోరాటమునకు తగిన దేశీయ నామము కావలెనని గాంధీజీ పోటీ ప్రకటింపగా, మగన్‌లాల్ ‘సదాగ్రహము’ అను పేరు సూచించిరి. ఇచట ఆగ్రహమనగా తెలుగున మనము వాడు కోపము కాదు, పట్టుదల. మంచికై పూనిన పట్టుదల అని భావము. గాంధీజీ దానినే కొంచెము సవరించి ‘సత్యాగ్రహము’గా చేసిరి. లోకమంతటను మారుమ్రోగిన ఆ మాటకు బీజము మగన్‌లాల్ వేసినదే.

1909లో ‘హింద్ స్వరాజ్’ వ్రాసిన నాటికి గాంధీజీ చేమగ్గమునుగాని రాట్నమునుగాని చూచి యెరుగరు. 1915 మే నెలలో అహమ్మదాబాదు చెంత కోచరబులో ఆశ్రమము నెలకొల్పి మగ్గములు తెప్పించునప్పటికిని రాట్నము వారి కంటబడలేదు. మగ్గములైతే వచ్చినవిగాని వానిని ఆడించు నేర్పు ఆశ్రమవాసులలో ఒక్కరికిని లేదు. ఆ భారము మగన్‌లాల్ భుజములపై పడినది.

ఆ సంవత్సరముననే ఆయనకు కఠిన పరీక్ష ఎదురైనది. అస్పృశ్యులనబడు కులమునకు చెందిన దూదాభాయి కుటుంబమును గాంధీజీ ఆశ్రమమున చేర్చుకొనిరి. అంతటి విధేయులైన మగన్‌లాలును, ఆయన భార్య సంతోక్ బేనును దానికి సమ్మతింపలేకపోయిరి. ఇరువురును ఆశ్రమము విడిచి చెన్నపట్నము చేరి, కొంతకాలము నేతపని నేర్చుకొనిరి. పిమ్మట మనస్సు మార్చుకొని తిరిగివచ్చి, ఆశ్రమ ధర్మమునకు తలవంచిరి. తరతరముల నుండి వచ్చిన అలవాటును జయించుట నాడె త్రోయ నేర్చుటకన్న ఎంత కష్టమో ఈ ఘట్టము తెలుపుచున్నది. మడమ త్రిప్పినవారు మరల వచ్చి నిలుచుటలోనే ఆయన పెద్దరికమున్నది.

అనతికాలమున ఆశ్రమమున పలువురు నేతగాండ్రు తయారైరి. కాని మగ్గమెక్కు నూలు మిల్లులదే. మిల్లులు ఇచ్చిననే మగ్గమాడును, లేనిచో నిలిచిపోవును. బట్ట స్వదేశియైనను నేతగాని మెడ ఇంకను మిల్లు చేతిలోనే యున్నది. రాట్నము దొరకనిదే ఈ చిక్కు విడదని తేలినది.

1917లో భరూచిలో జరిగిన విద్యా సదస్సున గాంధీజీకి గంగాబేన్ మజుందార్ అను సాహసురాలు పరిచయమైనది. రాట్నమును వెదకి తెత్తునని మాటయిచ్చి ఆమె గుజరాతు అంతయు గాలించి, తుదకు బరోడా సంస్థానములోని విజాపురమున అటుకలెక్కిన రాట్నములను కనుగొనెను. మొదట మిల్లునుండి ఏకులు తెప్పించిరి. అదియు పరాధీనమేయని తలచి దూదేకువానిని కుదుర్చుకొనిరి. ఆ దశలో మగన్‌లాల్ రాట్నమును చేపట్టి, తన యంత్రపరిజ్ఞానమునంతయు వినియోగించి పెక్కు మెరుగులు దిద్దిరి. రాట్నములును, వాని సామగ్రియు ఆశ్రమమునందే తయారు కాజొచ్చెను. అచట నేసిన తొలి ఖాదీ గజము 17 అణాలు పడినది. పన్నా 30 అంగుళములు మాత్రమే. వెల హెచ్చు, నేత ముతక. అయినను అందు మిల్లు నూలు పోగొక్కటియు లేదు.

1921లో బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెసు సంఘము దేశమున 20 లక్షల రాట్నములు నడిపింపవలెనని తీర్మానించినది. తీర్మానము ఒక్కనాటి పని. కదురు వంకర పోయినచో నూలు తెగును. ఏకు సరిగా లేనిచో నూలు గంటులు పడును. అట్టి నూలును నేతగాడు ముట్టడు. మన పొందూరు వంటి చోట్ల వాలుగ చేప దవడతో ప్రత్తిని దువ్వి సన్నని నూలు తీయు విద్య తల్లినుండి బిడ్డకు అందుచు నిలిచినది. అట్టి పరంపర తెగిపోయిన ప్రాంతములకు మగన్‌లాల్ పరిశ్రమయే ఆధారమైనది.

ఆయన నూలు నాణ్యమును లెక్కకు తెచ్చిరి. 840 గజములు ఒక చిలప. ఒక పౌను నూలులో ఎన్ని చిలపలు తూగునో అది ఆ నూలు నంబరు. 20వ నంబరు నూలు పౌనుకు 16,800 గజములు వచ్చును. ఈ లెక్కతోపాటు నూలు బలమును, సమత్వమును పరీక్షించు పద్ధతులను వాడుకలోనికి తెచ్చి, 1924లో ‘చరఖా శాస్త్రము’ వెలువరించిరి. 1925లో అఖిల భారత చరఖా సంఘము ఏర్పడగా దాని సాంకేతిక శాఖ బాధ్యత వహించిరి. మరుసటి సంవత్సరము రిచర్డు గ్రెగ్గుతో కలిసి తకిలిపై వడకుట నేర్పు చిన్న పుస్తకమును వ్రాసిరి. ఖర్చు స్వల్పము, చోటు అక్కరలేదు. బడిపిల్లలకు తకిలికి మించిన సాధనము లేదు.

సబర్మతి ఆశ్రమ నిర్వహణమంతయు ఆయన పైననే యుండెను. గాంధీజీ ఆయనను తన సర్వస్వమునకు వారసునిగా ఎంచుకొనిరి. కాని 1928 ఏప్రిల్ 23వ తేదీన, బీహారులో పరదా నిర్మూలనకై పాటుపడుచున్న తన కుమార్తెను చూడబోయిన మగన్‌లాల్ జ్వరపీడితులై పాట్నాలో కన్నుమూసిరి. ఆయన వయస్సు అప్పటికి 45 సంవత్సరములు మించలేదు. భార్యకు కలిగిన లోటుకంటె తనకు కలిగిన లోటే పెద్దదని గాంధీజీ దుఃఖించిరి.

1934లో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘము వార్ధాలో స్థాపింపబడినప్పుడు, దాని నివాసమునకు ఆయన పేర ‘మగన్‌వాడి’ అని పేరిడిరి. అచటి మగన్ సంగ్రహాలయమును 1938లో గాంధీజీయే ప్రారంభించిరి. సబర్మతిలో ఆయన వసించిన మగన్ నివాసమున పలు తీరుల రాట్నములు ప్రదర్శింపబడినవి. వానిని చూచువారు ఒక్కొక్క రాట్నమునందును చేసిన మార్పును పరిశీలించినచో, ఒక దేశము మరచిన విద్యను మరల చేతికి తెచ్చుకొనుటకు ఎంత ఓర్పు కావలెనో గ్రహింపగలరు.