జోసెఫ్ ప్లాటో

జోసెఫ్ ఆంటోయిన్ ఫెర్డినాండ్ ప్లాటో (అక్టోబరు 14, 1801 - సెప్టెంబరు 15, 1883) బెల్జియం దేశానికి చెందిన సుప్రసిద్ధ భౌతిక శాస్త్రవేత్త. చేతితో గీసిన బొమ్మలు కళ్ళెదుట కదులుతున్నట్లు చూపే చక్రాన్ని 1832లో నిర్మించి, సినిమాకు, టెలివిజనుకు, నేటి కంప్యూటరు తెరలకు మూలమైన సూత్రాన్ని లోకానికి తెలియజేశాడు. సబ్బునీటి పొరల ఆకృతులపై ఈయన చేసిన పరిశోధనలు గణితశాస్త్రంలో ఒక శాఖకే పునాది వేశాయి. మానవుని చూపును గురించి ఇంతగా శోధించిన ఈయన తన 42వ ఏట పూర్తిగా అంధుడైనాడు. (గ్రీకు తత్వవేత్త ప్లేటో వేరు, ఈయన వేరు. విద్యార్థులు పొరబడకూడదు.)

బాల్యం, విద్యాభ్యాసం

ప్లాటో బ్రస్సెల్స్ నగరంలో జన్మించాడు. అప్పటికి ఆ నగరం ఫ్రాన్స్ ఏలుబడిలో ఉండేది. తండ్రి ఆంటోయిన్ ప్లాటో పూల చిత్రాలు గీయటంలో పేరుగాంచిన చిత్రకారుడు. కుమారుడు కూడా చిత్రకారుడు కావాలన్న కోరికతో అతనిని చిత్రకళాశాలలో చేర్పించాడు. కాని ప్లాటోకు 14 ఏళ్ళు వచ్చేసరికి తల్లిదండ్రులిద్దరూ గతించారు. ఆ పిమ్మట సంరక్షణ బాధ్యత తీసుకున్న మేనమామ న్యాయవాది. ఆయన ఇతనిని న్యాయశాస్త్రం వైపు మళ్ళించాడు. బాలుని మనసు మాత్రం చిన్ననాడు చూసిన భౌతికశాస్త్ర ప్రయోగాల మీదనే ఉండిపోయింది.

బ్రస్సెల్స్ విద్యాలయంలో ఈయనకు గణితం బోధించినవాడు అడాల్ఫ్ కెట్లే. గణాంక శాస్త్ర చరిత్రలో ప్రముఖునిగా నిలిచిన ఆ గురువుతో స్నేహం జీవితాంతం కొనసాగింది. తరువాత ప్లాటో లీజ్ విశ్వవిద్యాలయంలో చేరి న్యాయశాస్త్రంతో పాటు విజ్ఞానశాస్త్రం కూడా చదివాడు. 1829లో డాక్టరేటు పట్టం పొందాడు. ఆయన సిద్ధాంత గ్రంథం కేవలం 27 పుటలు. దాని విషయం, కాంతి మన కంటిపై వేసే ముద్రల లక్షణాలు. నాటి తండ్రి కోరిక నెరవేరకపోయినా, గీత గీయటంలో పొందిన తర్ఫీదు మున్ముందు ఈయనకు చాలా ఉపకరించింది.

దృష్టి స్థిరతపై పరిశోధన

చీకటిలో కొరవి పట్టుకొని గిరగిర తిప్పితే నిప్పుచక్రం కనిపిస్తుంది. నిజానికి అక్కడ చక్రం లేదు, ఒక నిప్పుకణిక మాత్రమే ఉన్నది. మన పూర్వులు దీనిని అలాతచక్రం అన్నారు. గౌడపాదుని మాండూక్యకారికలలో నాలుగవ ప్రకరణానికి అలాతశాంతి అన్న పేరు ఈ ఉపమానం నుండి వచ్చినదే. కంటి మీద పడిన వెలుగు ముద్ర వెంటనే చెరిగిపోక కొంతసేపు నిలుస్తుంది. దీనినే దృష్టి స్థిరత అంటారు.

ఆ కొంతసేపు ఎంత అన్నది కొలవటానికి ప్లాటో పూనుకున్నాడు. రంగులు వేసిన చక్రాలను వేర్వేరు వేగాలతో తిప్పి చూసి, ముద్ర పూర్తిగా అంతరించటానికి సుమారు సెకనులో మూడవ వంతు పడుతుందనీ, అది రంగును బట్టి, వెలుగు తీవ్రతను బట్టి మారుతుందనీ నిర్ధారించాడు. పాఠ్యపుస్తకాలలో తరచు కనిపించే 1/16 సెకను అన్న అంకె ఒక స్థూలమైన అంచనా మాత్రమే. ఇది అన్ని సందర్భాలకూ వర్తించే స్థిరాంకమని నేర్పటం సరికాదు.

వెలుగు వేగంగా వెలుగుతూ ఆరుతూ ఉంటే ఒక హద్దు దాటిన తరువాత కంటికి అది నిలకడగా వెలుగుతున్నట్లే తోస్తుంది. అప్పుడు కనిపించే ప్రకాశం, వెలిగిన కాలానికి, ఆరిన కాలానికి కలిపి తీసిన సగటు ప్రకాశానికి సమానం. ఇంగ్లండుకు చెందిన టాల్బట్ 1834లో ప్రతిపాదించిన ఈ నియమాన్ని ప్లాటో మరుసటి ఏడాది ప్రయోగపూర్వకంగా బలపరచాడు. అందుచేత దీనికి టాల్బట్-ప్లాటో నియమం అన్న పేరు స్థిరపడింది.

కదిలే బొమ్మల చక్రం

1831లో మైకేల్ ఫారడే, తిరిగే పళ్ళచక్రాలను ఒకదాని వెనుక ఒకటి ఉంచి చూసినప్పుడు అవి కదలనట్లు కనిపించే భ్రమను గురించి ఒక వ్యాసం ప్రకటించాడు. అటువంటి భ్రమలను అప్పటికే పరిశీలిస్తున్న ప్లాటో, ఈ మార్గంలో మరొక అడుగు ముందుకు వేశాడు. ఒక అట్టచక్రాన్ని 16 భాగాలు చేసి, ఒక్కొక్క భాగంలో నర్తకుని బొమ్మను కొద్దికొద్ది మార్పుతో గీశాడు. అంచు వైపు ప్రతి బొమ్మకూ ఒక సన్నని చీలిక కోశాడు. చక్రాన్ని అద్దం ముందు తిప్పుతూ, వెనుకవైపు నుండి చీలికల గుండా అద్దంలోకి చూస్తే నర్తకుడు గిరగిర తిరుగుతూ కనిపించాడు. 1832 డిసెంబరులో సఫలమైన ఈ ప్రయోగ వివరాలు 1833లో కెట్లే నడిపే పత్రికలో వెలువడ్డాయి.

ఇందులో అసలు కీలకం బొమ్మలు కాదు, చీలికలు. చీలికలు లేకుండా తిరిగే చక్రాన్ని నేరుగా చూస్తే బొమ్మలన్నీ ఒకదానిలో ఒకటి అలుక్కుపోయి బూడిదరంగు పట్టీ మాత్రం కనిపిస్తుంది. చీలిక ఎదుటికి వచ్చిన క్షణంలో మాత్రమే చూపు బొమ్మపై పడి, మిగిలిన కాలమంతా నల్లని అట్ట అడ్డుపడటం చేత ప్రతి బొమ్మ విడిగా, కదలనిదిగా కంటికి అందుతుంది. బొమ్మకూ బొమ్మకూ మధ్య చీకటి ఉండాలన్నమాట. చీలిక ఎంత సన్ననిదైతే బొమ్మ అంత స్పష్టం, కాని అంత మసక కూడా. ఈ లాభనష్టాల లెక్క సుమారు 190 ఏళ్ళ తరువాత కూడా మారలేదని ముందు ముందు చూడగలరు.

సరిగా అదే కాలంలో వియన్నాలో సైమన్ స్టాంఫర్ అనే ఆచార్యుడు ఇటువంటి చక్రాన్నే స్వతంత్రంగా కనుగొన్నాడు. ప్రాధాన్యం కోసం వాదులాటకు దిగకుండా, స్టాంఫర్ మాటను తాను నమ్ముతున్నానని ప్లాటో 1836లో ప్రకటించటం ఆయన సంస్కారానికి నిదర్శనం. పారిస్ వర్తకులు దీనిని ఫెనాకిస్టిస్కోపు అన్న పేరుతో అమ్మారు. మోసగించేది అన్న అర్థమిచ్చే గ్రీకు పదం నుండి ఆ పేరు పుట్టింది. వాటి పనితనం ప్లాటోకు నచ్చలేదు. ఆయన ఇష్టపడిన పేరు ఫాంటాస్కోపు.

ముద్రలు కంటిలో నిలవటం వల్లనే కదలిక కనిపిస్తుందని చాలాకాలం నమ్మారు. అది సగం నిజమే. వెలుగు ముద్ర నిలవటం వల్ల మినుకు తెలియకుండా పోతుంది, అంతవరకే. విడివిడి బొమ్మలను కలిపి చలనంగా గ్రహించేది మెదడు. 1912లో మాక్స్ వెర్తైమర్ ప్రచురించిన ప్రయోగాల తరువాత ఈ రెండింటినీ వేరుగా చూడటం మొదలైంది.

అంధత్వం

1829లో ఒక ప్రయోగంలో భాగంగా ప్లాటో సుమారు 25 సెకన్ల పాటు సూర్యుని వైపు కన్నార్పకుండా చూశాడు. కొన్ని రోజులపాటు చూపు దెబ్బతిని, తరువాత కోలుకున్నాడు. 1835లో ఘెంట్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడైనాడు. 1840లో వివాహం జరిగింది. కొంతకాలానికి కంటి జబ్బు తిరగబెట్టి, 1843 నాటికి చూపు పూర్తిగా పోయింది. సూర్యుని చూడటమే దీనికి కారణమని ప్లాటో నమ్మాడు, ఆ కథే ప్రచారంలోకి వచ్చింది. అయితే రెండు సంఘటనల మధ్య 14 ఏళ్ళ ఎడమున్నది. కంటి లోపలి పొరలకు దీర్ఘకాలంగా వచ్చిన వాపు (యూవియైటిస్) అసలు కారణమై ఉంటుందని తరువాతి వైద్యులు భావించారు. అలాగని సూర్యుని నేరుగా చూడవచ్చునని ఎవరూ అనుకోరాదు. దాని వల్ల రెటీనా కాలిపోవటం వాస్తవమే.

చూపు లేకుండా 40 ఏళ్ళు

అంధుడైన తరువాత ప్లాటో పరిశోధన ఆగలేదు సరికదా, మరింత విస్తరించింది. ప్రయోగాన్ని మనసులో రూపొందించి చెప్పేవాడు. భార్య, కుమారుడు ఫెలిక్స్, అల్లుడు వాన్ డర్ మెన్స్‌బ్రుగ్ తదితరులు దానిని చేసి, కనిపించినదంతా వర్ణించేవారు. అది విని, ప్రశ్నలు వేసి, నిర్ణయానికి వచ్చి, వ్యాసాన్ని పలికి రాయించేవాడు. ఫెలిక్స్ తరువాత జంతుశాస్త్రజ్ఞునిగా, అల్లుడు భౌతికశాస్త్ర ఆచార్యునిగా పేరు పొందారు.

సారాయి, నీళ్ళు తగు పాళ్ళలో కలిపి అందులో నూనె వదిలితే అది తేలక, మునగక గుండ్రని బంతిలా నిలుస్తుంది. గురుత్వాకర్షణ ప్రభావం తొలగించి తలతన్యతను ఒంటరిగా పరిశీలించే ఉపాయమిది. తీగచట్రాలను సబ్బునీటిలో ముంచి తీసి, మూడు పొరలు కలిసే చోట వాటి మధ్య కోణం ఎల్లప్పుడూ 120 డిగ్రీలనీ, అటువంటి అంచులు నాలుగు కలిసే బిందువు వద్ద వాటి మధ్య కోణం సుమారు 109.5 డిగ్రీలనీ ప్లాటో తెలుసుకున్నాడు. కుళాయి నుండి సన్నగా జారే నీటిధార కొంతదూరం పోయాక బొట్లుబొట్లుగా ఎందుకు విడిపోతుందో చెప్పినదీ ఈయనే. ద్రవస్తంభం పొడవు దాని చుట్టుకొలతను మించితే అది నిలవదు. ఈ పరిశోధనలన్నీ 1873లో రెండు సంపుటాల గ్రంథంగా వెలువడ్డాయి. ఆ గ్రంథంలోని పొరలలో ఒక్కదానినీ గ్రంథకర్త కళ్ళారా చూడలేదు.

ఒక మూసిన వక్రరేఖ ఇస్తే, దానిని అంచుగా గల అతి తక్కువ వైశాల్యపు తలం ఉంటుందని నిరూపించటాన్ని ప్లాటో సమస్య అంటారు. 1930 ప్రాంతంలో జెస్సీ డగ్లస్, టిబోర్ రాడో వేర్వేరుగా దీనిని సాధించారు. డగ్లస్‌కు 1936లో ఫీల్డ్స్ పతకం లభించింది. సబ్బుపొరల కోణాల నియమాలకు గణిత నిరూపణ 1976లో జీన్ టేలర్ ద్వారా లభించింది.

నేటి తెరలలో ప్లాటో సూత్రాలు

సినిమాలో సెకనుకు 24 చిత్రాలు చూపుతారు. అయితే మినుకు తెలియకుండా ఒక్కొక్క చిత్రాన్ని రెండు లేక మూడు సార్లు కత్తెరించి, 48 లేక 72 మెరుపులు చేస్తారు. పాత గాజుగొట్టం కంప్యూటరు మానిటర్లు సెకనుకు 60 సార్లు చిత్రాన్ని గీసినపుడు, ముఖ్యంగా ఓరచూపుకు, మినుకు తెలిసేది. 85కు పెంచితే చాలామందికి హాయిగా ఉండేది. ఇలా సెకనుకు ఎన్నిసార్లు చిత్రం మారుతుందో తెలిపే సంఖ్యను రిఫ్రెష్ రేటు అంటారు, దాని కొలమానం హెర్ట్జ్.

ఆ తరువాత వచ్చిన ఎల్.సి.డి. తెరలలో మినుకు సమస్య చాలావరకు పోయి, అలుకు సమస్య వచ్చింది. ఈ తెర మీద చిత్రం మెరిసి ఆరిపోదు, తరువాతి చిత్రం వచ్చేదాకా అలాగే నిలిచి ఉంటుంది. కదిలే వస్తువును కన్ను వెంబడిస్తుంది, బొమ్మ మాత్రం నిలిచి ఉంటుంది. ఫలితంగా అది రెటీనా మీద చారలా సాగుతుంది. అంటే ఇది చీలికలు లేని ప్లాటో చక్రం. ఒక బొమ్మ సెకనుకు 960 చుక్కల వేగంతో తెర మీద పరుగెత్తుతుంటే 60 హెర్ట్జ్ వద్ద అలుకు 16 చుక్కల వెడల్పు, 120 వద్ద 8 చుక్కలు, 240 వద్ద 4 చుక్కలు ఉంటుంది. కంప్యూటరు ఆటలు ఆడేవారు అధిక రిఫ్రెష్ రేటు గల మానిటర్లు కోరుకోవటానికి ఇది ఒక కారణం. మీట నొక్కినదాని ఫలితం త్వరగా తెర మీదికి రావటం రెండవ కారణం. 60 హెర్ట్జ్ వద్ద ఒక చిత్రానికి 16.7 మిల్లీసెకన్లు, 144 వద్ద 6.9, 240 వద్ద 4.2 పడుతుంది. ఈ అంకెలనే గమనిస్తే 60 నుండి 144కు మారటంలో దాదాపు 10 మిల్లీసెకన్లు కలసివస్తాయి, 144 నుండి 240కు మారటంలో 3 కూడా రావు. కొనేవారు ధర చూసేముందు ఈ తీసివేత చేసుకోవటం మంచిది. కంప్యూటరులోని గ్రాఫిక్స్ కార్డు అన్ని చిత్రాలు తయారుచేయలేకపోతే తెర వేగం వృథా. కొత్త మానిటరు తెచ్చి, కంప్యూటరు అమరికలలో 60 హెర్ట్జ్ ఉన్నదని గమనించక నెలల తరబడి అలాగే వాడేవారూ ఉన్నారు.

మరికొన్ని మానిటర్లలో తెర వెనుక దీపాన్ని చిత్రానికి ఒకసారి మెరిపించి, మధ్యకాలంలో ఆర్పివేసే సదుపాయం ఉంటుంది. ఇది అచ్చంగా ప్లాటో చీలికే. అలుకు పోతుంది, కాని టాల్బట్-ప్లాటో నియమం ప్రకారం వెలుగు కూడా తగ్గుతుంది. మినుకు తిరిగి వస్తుంది. ఆటలో వేగంగా కదిలే దృశ్యాలకు ఇది బాగుంటుంది. గంటల తరబడి చదవటానికి, రాయటానికి పనికిరాదు. మినుకు వలన తలనొప్పి వచ్చేవారు దీనిని ఆపివేసుకోవాలి. వెలుగు తగ్గించటానికి దీపాన్ని వేగంగా ఆర్పి వెలిగించే పద్ధతి వాడే మానిటర్లు కూడా కొందరికి సరిపడవు. కొనేముందు తెర వెలుగును బాగా తగ్గించి, కొంతసేపు చూసి పరీక్షించుకోవటం ఉత్తమం.

మరణం, స్మారకాలు

ప్లాటో 1883 సెప్టెంబరు 15న ఘెంట్ నగరంలో మరణించాడు. ఆయన లండన్ రాయల్ సొసైటీకి విదేశీ సభ్యునిగా కూడా ఎన్నికైనాడు. ఘెంట్‌లో విశ్వవిద్యాలయ ఇంజనీరింగు భవనం ఉన్న వీధికి ఆయన పేరు పెట్టారు. బెల్జియం చలనచిత్రాలకు ఆయన పేరిట చాలా ఏళ్ళ పాటు పురస్కారాలు ఇచ్చారు. 2019 అక్టోబరు 14న, 218వ జయంతి సందర్భంగా గూగుల్ సంస్థ తన తొలిపుటపై తిరిగే బొమ్మల చక్రాన్ని ఉంచింది.