విద్యార్థి సంజీవయ్య

వజ్రకరూరు పేరు వినగానే ఎవరికైనా వజ్రాలే స్ఫురిస్తాయి. తొలకరి జల్లులకు పైమట్టి కొట్టుకొనిపోయిన తరువాత, తలవంచి నేలను పరికిస్తూ ఈ పొలాల్లో తిరిగేవారిని మనం ఏటా చూస్తూనే ఉన్నాం. వజ్రం నేలలో ఎప్పుడూ ఉన్నదే; కాని వాన పడనిదే కంటికి కనబడదు. కరవు సీమలోని పేద బిడ్డల ప్రతిభ కూడా అటువంటిదే. దానికి వానచినుకు వంటిది మనం తెలుగులో ఉపకార వేతనమనీ, ఉర్దూలో వజీఫా అనీ పిలుచుకొనే ప్రభుత్వ సహాయం. ఆ సహాయం అరకొరగా అందినప్పుడు విద్యార్థి ఎన్ని పాట్లు పడవలసి వస్తుందో, చదువు చివరిదాకా సాగితే ఎంతటి ఎత్తుకు ఎదగగలడో తెలుసుకొనడానికి రాయలసీమ ముద్దుబిడ్డ దామోదరం సంజీవయ్య గారి జీవితాన్ని మించిన ఉదాహరణ లేదు.

సంజీవయ్య గారు 1921 ఫిబ్రవరి 14వ తేదీన కర్నూలు సమీపంలోని పెద్దపాడు గ్రామంలో జన్మించారు. తండ్రి మునయ్య, తల్లి సుంకులమ్మ. షెడ్యూల్డు కులానికి చెందిన ఆ కుటుంబానికి సొంత భూమి లేదు, కూలిపనే ఆధారం. శిశువు పుట్టిన కొద్ది దినాలకే తండ్రి కన్నుమూశారు. ఇల్లు గడవని స్థితిలో తల్లి పిల్లలను వెంటబెట్టుకొని కొంతకాలం పుట్టింటివారి పంచన తలదాచుకొన్నది. పశువులు కాచుకొంటూ బతకవలసిన ఇంట్లో ఆ బాలుడు పలక పట్టడమే ఒక విశేషం.

పల్లె బడి ముగించి ఆయన కర్నూలు చేరారు. అక్కడి మున్సిపల్ ఉన్నత పాఠశాలలో చదివి, 1938లో ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలో జిల్లాలోనే ప్రథముడుగా ఉత్తీర్ణులైనారు. పిమ్మట అనంతపురంలోని దత్తమండల కళాశాలలో చేరారు. 1916లో స్థాపితమైన ఆ కళాశాలే తరువాతి కాలంలో ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలగా ప్రసిద్ధి చెందింది. సంజీవయ్య గారు అక్కడ గణిత శాస్త్రం ప్రధానంగా అభ్యసించి 1942లో పట్టభద్రులైనారు. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి గారు కూడా ఆ కళాశాలలో చదివినవారే. అంటే ఆంధ్రప్రదేశ్ తొలి ఇద్దరు ముఖ్యమంత్రులకూ మన జిల్లా కేంద్రంలోని ఒకే కళాశాల విద్య నేర్పింది. ఈ సంగతి మన విద్యార్థులలో చాలామందికి తెలియదు.

ఆ రోజుల్లో పేద విద్యార్థులకు ఉన్న ఆదరువు బహు స్వల్పం. మద్రాసు ప్రభుత్వపు లేబర్ శాఖ 1920 ప్రాంతం నుండి అణగారిన కులాల పిల్లల కోసం బడులు, వసతి గృహాలు నడుపుతూ, కొద్దిపాటి వేతనాలు ఇస్తూ వచ్చింది. అఖిల భారత స్థాయిలో షెడ్యూల్డు కులాల కళాశాల విద్యార్థులకు ఉపకార వేతనాల పథకం 1944లో గాని ప్రారంభం కాలేదు. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యులుగా ఉన్న డాక్టర్ అంబేద్కర్ గారి కృషి దానికి మూలం. ఆ పథకమే క్రమంగా షెడ్యూల్డు తెగలకూ, వెనుకబడిన తరగతులకూ విస్తరించింది.

చేతిలో పట్టా ఉన్నా సంజీవయ్య గారికి జీవనోపాధి వెంటనే దొరకలేదు. అది రెండవ ప్రపంచ యుద్ధకాలం. కర్నూలులో రేషనింగు కార్యాలయపు గుమాస్తాగా కొంతకాలం, బళ్ళారిలో ప్రజా పనుల శాఖలో తాత్కాలిక తనిఖీదారుగా మరి కొంతకాలం పనిచేశారు. న్యాయశాస్త్రం చదవాలన్న కోరిక మాత్రం చావలేదు. చివరకు మద్రాసు లా కళాశాలలో చేరారు. ఆయనకు అక్కడ విద్యార్థి వేతనం లభించినా, భోజన వసతులకు అది చాలేది కాదు. అందువల్ల జార్జిటౌనులోని ఒక ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయుడుగా పనిచేసి, ఆ జీతంతో వసతి గృహపు ఖర్చులు తీర్చుకొన్నారు. ఒక పూట తాను విద్యార్థి, మరొక పూట ఇతర విద్యార్థులకు గురువు! ఈ విధంగా 1948లో న్యాయశాస్త్ర పట్టా అందుకొన్నారు.

విద్యార్థులు ఈ ఘట్టం వద్ద ఒక క్షణం ఆగి ఆలోచించాలి. కళాశాలలో సీటు దొరకడం ఒక ఎత్తు. చివరి పరీక్ష వ్రాసి బయటికి రావడం మరొక ఎత్తు. ఫీజు మాఫీ అయినంత మాత్రాన ఆకలి మాఫీ కాదు. లెక్కలలో దిట్ట కనుక సంజీవయ్య గారికి పాఠాలు చెప్పుకొనే అవకాశం దొరికింది. అటువంటి ఊతం దొరకక మధ్యలో పుస్తకాలు మూసినవారి పేర్లు ఏ చరిత్రకూ ఎక్కలేదు.

ఆ తరువాతి కథ లోకవిదితమే. 1950లో తాత్కాలిక పార్లమెంటు సభ్యులైనారు. 1952లో శాసనసభకు ఎన్నికై, రాజాజీ మంత్రివర్గంలో చేరారు. 1960 జనవరి 11న, నలుబది ఏండ్లయినా నిండకముందే, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి పదవిని అధిష్ఠించారు. షెడ్యూల్డు కులాల నుండి ఆ పదవిని అలంకరించిన వ్యక్తి యావద్భారతంలో ఆయనే ప్రథములు. 1962 మార్చి వరకు సాగిన ఆయన పాలనలో, 1961లో ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. అవినీతి నిరోధక శాఖ ఏర్పడింది. పిమ్మట అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షులుగా, 1964 నుండి 1966 వరకు కేంద్ర కార్మిక శాఖామంత్రిగా సేవలందించి, 1972 మే నెలలో పరమపదించారు. విశాఖపట్నంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఆయన పేరు ధరించడం ఎంతయో సముచితం.

సంజీవయ్య గారి కాలానికీ మన కాలానికీ నడుమ పథకాలు ఎన్నో పెరిగాయి. రాష్ట్రంలో ముస్లిములలోని వెనుకబడిన వర్గాలకు విద్యా ఉద్యోగాలలో 4 శాతం రిజర్వేషన్ కల్పిస్తూ 2007లో చట్టం వచ్చింది. దాదాపు అదే కాలంలో మైనారిటీ విద్యార్థులకు కేంద్ర ఉపకార వేతనాలు మొదలైనాయి. 2008 ప్రాంతంలో రాష్ట్ర ప్రభుత్వం బోధనా రుసుముల చెల్లింపు పథకం చేపట్టింది. వీటివలన ఇంజనీరింగు, వైద్య కళాశాలల గడప తొక్కిన తొలి తరం పిల్లలు వేలకొలది. అయితే బకాయిలు పేరుకొన్న సంవత్సరాల్లో పరీక్ష గట్టెక్కినా ధ్రువపత్రాలు చేతికి రాక బాధపడిన విద్యార్థులూ ఉన్నారు. వేరుసెనగ ఎండిపోయిన ఏడు తల్లిదండ్రులు బెంగుళూరుకు కూలికి పోతే, తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ చూసుకొనేందుకు చదువు మానే పెద్ద బిడ్డను ఏ ఫీజు పథకమూ ఆపలేదు.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ప్రవేశాల సంఖ్యతో పాటు, చేరినవారిలో ఎందరు చివరి సంవత్సరం దాటారో కూడా ఏటా లెక్క చూడాలి. వేతనం ఆలస్యమైన నెలల్లో భోజనానికి, బస్సు చార్జీలకు బదులిచ్చి, వేతనం రాగానే తిరిగి జమచేసుకొనే చిన్న నిధి ఒకటి ఉండాలి. దరఖాస్తులు, ఆదాయ ధ్రువపత్రాలు గడువులోగా చేరేటట్లు చూచే బాధ్యతను ఒక అధ్యాపకునికి అప్పగించాలి. ఇది పెద్ద వ్యయంతో కూడిన పని కాదు.

విద్యార్థి సోదర సోదరీమణులకు చెప్పవలసినదీ ఒకటున్నది. వజీఫా దయాభిక్ష కాదు. మన తల్లిదండ్రుల చెమటతో సహా ఈ దేశ ప్రజల సొమ్ము. అందుకొనడానికి సిగ్గుపడనక్కరలేదు, వ్యర్థపరచే హక్కూ మనకు లేదు. చదువు చివరిదాకా సాగించి, ఆ పైన మన ఊరి మరొక బిడ్డ చదువు సగంలో ఆగకుండా చేయూతనిచ్చిననాడే సంజీవయ్య గారిని మనం నిజంగా స్మరించుకొన్నట్లు.