కాగితపు లేసు – ఎస్తర్ హౌలాండ్ కథ

మన సావనీరులో ఏటా ఒకరిద్దరు మహనీయుల జీవితచరిత్రలుంటాయి. గాంధీగారో, ఐన్‌స్టీనో, క్యూరీ దంపతులో. వ్యాపారం చేసి పేరు తెచ్చుకున్న ఆడపిల్ల కథ మాత్రం నా కంట పడలేదు. కామర్స్ చదువుతున్నదాన్ని గనక ఆ లోటు నేనే తీరుద్దామనుకున్నాను. నేను ఎంచుకున్న మనిషి ఎస్తర్ హౌలాండ్. అమెరికాలో ఆమెను వాలెంటైన్ కార్డులకు తల్లి అంటారు. వాలెంటైన్ అనగానే కొందరు మిత్రులు ముసిముసిగా నవ్వుతారని నాకు తెలుసు. నవ్వనివ్వండి. ఇది ప్రేమకథ కాదు. కత్తెర, జిగురు, ఆర్డరు పుస్తకాల కథ.

ఎస్తర్ 1828లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ పట్టణంలో పుట్టింది. తండ్రికి అక్కడ పుస్తకాలు, స్టేషనరీ అమ్మే పెద్ద దుకాణం. తల్లి పొదుపుగా సంసారం నడుపుకోవడం గురించీ, వంటల గురించీ పుస్తకం వ్రాసిన మనిషి. అంటే కాగితం, సిరా వాసనల మధ్య పెరిగిన పిల్లన్నమాట! మౌంట్ హోల్యోక్ స్త్రీ విద్యాలయంలో చదివి 1847లో బయటికొచ్చింది. తమాషా ఏమిటంటే, 1848 ఫిబ్రవరిలో అదే విద్యాలయంలో ప్రిన్సిపాల్ మేరీ లైయన్, విద్యార్థినులెవరూ వాలెంటైన్లు పంపకూడదని నిషేధం పెట్టింది. ఆ సంవత్సరం అక్కడ చదువుతున్న ఎమిలీ డికిన్సన్ – తర్వాత మహాకవయిత్రిగా పేరొందినావిడ – ఆ సంగతి అన్నకు ఉత్తరం వ్రాసింది.

చదువు పూర్తయి ఇంటికొచ్చిన ఎస్తర్‌కు ఇంగ్లండు నుంచి తండ్రి వ్యాపార మిత్రుడి ద్వారా ఒక వాలెంటైన్ కార్డు అందింది. అంచు చుట్టూ కాగితపు లేసు, నడుమ అతికించిన రంగుల పూలు. కాగితానికి లేసు ఎలా వస్తుందని నాకూ సందేహం కలిగింది. కాగితాన్ని అచ్చు మీద నొక్కితే పూలు, తీగలు పైకి ఉబ్బుతాయి. ఆ ఉబ్బిన చోట్లను సన్నగా అరగదీస్తే చిల్లులు పడి లేసులాగా తయారవుతుంది. అటువంటి కార్డులు అమెరికాకు సముద్రం దాటి రావలసిందే. ధర కూడా ఎక్కువే.

ఇవి మనమే ఎందుకు చెయ్యకూడదు అనుకుంది ఎస్తర్. తండ్రిచేత లేసు కాగితం, రంగు కాగితాలు, పూల బొమ్మలు తెప్పించుకుని పన్నెండు నమూనాలు తయారుచేసింది. దుకాణం సరుకుకు ఆర్డర్లు పట్టడానికి ఊళ్ళు తిరిగే అన్నదమ్ముల్లో ఒకరు ఆ నమూనాలనూ పెట్టెలో వేసుకు వెళ్ళాడు. 200 డాలర్ల ఆర్డరు వస్తే చాలనుకుందిట. అతను తెచ్చినవి 5,000 డాలర్లకు పైగా! ఇక్కడ నాకు నచ్చిందేమిటంటే, సరుకు గుట్టలుగా చేసి పెట్టుకుని కొనేవాడి కోసం ఎదురుచూడలేదు. నమూనా ముందు, ఆర్డరు తర్వాత, ముడిసరుకు ఆ తర్వాత. పెట్టుబడి తక్కువున్నవాళ్ళకు ఇంతకంటే మంచి పద్ధతి మా పాఠ్యపుస్తకంలో కూడా లేదు.

కాలం కూడా కలిసొచ్చింది. 1845లో అమెరికా ప్రభుత్వం తపాలా రేట్లు బాగా తగ్గించింది. 1851 నుంచి ముందుగా చెల్లిస్తే 3 సెంట్లకే ఉత్తరం 3,000 మైళ్ళ దాకా పోయేది. తపాలా చవకైతేనే కదా జనం కార్డులు కొనేది!

అన్ని ఆర్డర్లు ఒంటి చేతి మీద అయ్యేవి కావు. స్నేహితురాళ్ళను పిలిచి, ఇంటి పైఅంతస్తులో బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. ఒకామె బొమ్మలు కత్తిరించాలి, ఇంకొకామె అడుగు కాగితం సిద్ధం చెయ్యాలి, మిగతావాళ్ళు వరసగా అతికించాలి. ఎస్తర్ చేసిన నమూనా ఎదురుగా ఉండేది. ఫోర్డు కార్ల ఫ్యాక్టరీలో కదిలే వరస వచ్చింది 1913లో. పని విభజన మాత్రం ఈ జిగురు బల్ల మీద ఎప్పుడో నడిచింది.

నైపుణ్యం సంగతికొస్తే, తెల్ల లేసు తెల్ల కాగితం మీద కనబడదు కదా. దాని కింద మెరిసే రంగు కాగితపు బిళ్ళ పెట్టింది. లేసు పువ్వు పువ్వుగా తేలింది. మడతలు పెట్టిన చిన్న కాగితపు స్ప్రింగు కింద అతికించి, పై పొర గాలిలో నిలిచినట్టు చేసింది. కవిత పైన కాక లోపల ఉండేది. 1879లో వచ్చిన కవితల పుస్తకంలోంచి కొనేవారు నచ్చినది ఎంచుకుని, కార్డులో ఉన్నదాని మీద అతికించుకోవచ్చు. కార్డు ఒకటే, మనసులో మాట ఎవరిది వారిది! ధరలు 5 సెంట్ల నుంచి మొదలై 50 డాలర్ల దాకా.

పని పెరిగాక ఇళ్ళకే పంపడం మొదలుపెట్టింది. కాగితాలు, బొమ్మలు పెట్టెల్లో సర్ది ఇంటింటికీ చేర్పించి, వారం తర్వాత తయారైన కార్డులు తెప్పించుకునేది. ఇది చదువుతుంటే నాకు నిజామాబాద్, కరీంనగర్ వైపు ఇళ్ళల్లో బీడీలు చుట్టే ఆడవాళ్ళే గుర్తొచ్చారు. ఆకు, తంబాకు ఇంటికొస్తాయి, కట్టలు లెక్కకు పోతాయి. ఇంటి పని చూసుకుంటూ నాలుగు డబ్బులు చేతికొస్తాయి, నిజమే. ఎస్తర్ కూలి బాగానే ఇచ్చేదని చెబుతారు. కాని కార్డు వెనక పడింది ఎర్రటి ‘హెచ్’ అక్షరం ఒక్కటే; అతికించినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. ఈ లెక్క నాకింకా తెగలేదు.

1866లో మోకాలికి దెబ్బ తగిలి ఎస్తర్ చక్రాల కుర్చీకి పరిమితమైంది. వ్యాపారం ఆపలేదు. కూర్చున్న చోటునుంచే నమూనాలు గీసింది, పని పురమాయించింది. 1870ల్లో న్యూ ఇంగ్లండ్ వాలెంటైన్ కంపెనీ అయింది, 1879లో ఇంటినుంచి ఫ్యాక్టరీకి మారింది. ఏటా లక్ష డాలర్ల వ్యాపారమని చెప్పుకునేవారు.

అంతటి సంస్థను రెండేళ్ళు తిరక్కుండా అమ్మేసింది. తండ్రి జబ్బుపడ్డాడు, పెళ్ళి కాని కూతురు దగ్గరుండి చూసుకోవాలి. ఇంత కట్టిన మనిషి చివరికి ఇంటి పిలుపుకే లేచి వెళ్ళిందే అని నాకు కష్టం వేసింది. ఇదే మాట మా హాస్టలులో అంటే సగం మంది నాతో వాదనకు దిగారు, ఆవిడ ఇష్టమై వెళ్ళి ఉండకూడదా అని.

కొన్నది వూస్టర్‌లోనే కార్డులు చేసే జార్జ్ విట్నీ. అతను లేసు కాగితం నొక్కే యంత్రాలు తెచ్చి, యూరప్ దిగుమతులతో పని లేకుండా చేసుకున్నాడు. ఎస్తర్ 1904లో క్విన్సీలో కన్నుమూసింది. రెండో ప్రపంచయుద్ధకాలంలో కాగితం కరువై, 1942లో విట్నీ కంపెనీ కూడా మూతపడింది.