ఫిడేలుకు మన పలుకు నేర్పిన ద్వారం వెంకటస్వామినాయుడు

ఆంధ్రదేశపు సంగీత చరిత్రలో వాయులీనం అనగానే మొదట స్ఫురించే పేరు ద్వారం వెంకటస్వామినాయుడుగారిది. సముద్రాలు దాటి వచ్చిన ఒక పరాయి వాద్యాన్ని జీవితాంతం తన మాతృభాషగా చేసుకొని, దానిచేత మన రాగాలను పలికించిన మహనీయుడాయన. ప్రజలు ఆయనను ఆప్యాయంగా ఫిడేలు నాయుడుగారని పిలుచుకునేవారు. హగరికి ఇరువైపులా ఇంట ఒక భాష, సంతలో మరొక భాష మాట్లాడే కుటుంబాలకు ఆయన జీవితం ప్రత్యేకంగా తెలుసుకోదగినది. పరాయిదనుకున్నది సాధనతో ఎలా సొంతమవుతుందో ఆయన కథ చెబుతుంది.

నాయుడుగారు 1893 నవంబరు 8న, దీపావళి పర్వదినాన, బెంగుళూరులో తెలుగు కుటుంబంలో జన్మించారు. తండ్రి సైన్యంలో ఉద్యోగి. కన్నడదేశంలో పుట్టిన ఆ బిడ్డ పెరిగింది మాత్రం విశాఖపట్టణంలో. ఆ ఇంటిలో సంగీతాభిరుచి ఉండేది. అన్నగారైన వెంకటకృష్ణయ్య ఫిడేలు వాయించేవారు. ఆయనే తమ్మునికి తొలి గురువు.

బాల్యంలోనే వెంకటస్వామికి చూపు మందగించింది. పలకమీది అక్షరాలు, పుస్తకంలోని పంక్తులు సరిగా కనిపించని పిల్లవానికి బడి చదువు ముందుకు సాగలేదు. ఆ రోజులలో ఇట్టి పిల్లలను నిరర్థకులని తలచి మూలన కూర్చోబెట్టడం సామాన్యం. ఆ కుటుంబం అలా చేయలేదు. అన్నగారు తమ్ముని చేతికి ఫిడేలు ఇచ్చారు. కన్ను చేయలేని పనిని చెవి, వ్రేళ్లు నేర్చుకున్నాయి. ఆనాడు ఇంటివారు నిరాశపడి ఉంటే తెలుగుజాతి ఒక గొప్ప విద్వాంసుని కోల్పోయి ఉండేది.

ఫిడేలు మన దేశంలో పుట్టిన వాద్యం కాదు. ఐరోపా వారి వెంట మద్రాసుకు వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడైన బాలుస్వామి దీక్షితులు దానిని అభ్యసించి కర్ణాటక సంగీతానికి అలవరచిన తొలివారిలో ఒకరని చరిత్ర చెబుతుంది. పాశ్చాత్యులు నిలుచుండి, వాద్యాన్ని గడ్డం క్రింద అదిమి వాయిస్తారు. మనవారు నేలపై కూర్చుండి, ఒక కొనను రొమ్ముకు ఆనించి, మరొక కొనను కుడిపాదంపై నిలిపి వాయిస్తారు. ఈ మార్పు వలన ఎడమచేయి తీగలపై స్వేచ్ఛగా జారగలుగుతుంది. వీణకు ఉన్నట్లు ఫిడేలుకు మెట్లు లేవు. స్వరస్థానం ఎక్కడ ఉన్నదో వ్రేలు తానే వెదకుకోవాలి. వెంట్రుకవాసి తప్పినా అపస్వరమే. అయితే మెట్లు లేకపోవడమే దాని బలం కూడా. గొంతు ఎలా ఒక స్వరం నుండి మరొక స్వరానికి ఊగుతూ జారుతూ పోగలదో, ఫిడేలు తీగపై వ్రేలు అలాగే పోగలదు. మన రాగానికి ప్రాణమైన గమకం అందులోనే ఉన్నది.

నాయుడుగారు ఈ రహస్యాన్ని ఆకళించుకున్నారు. పిఠాపురం సంస్థాన వైణికులు తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారి వీణానాదం ఆయనపై గాఢమైన ముద్ర వేసింది. ఒకవైపు వీణలోని గాంభీర్యాన్ని, మరొకవైపు పాశ్చాత్య వాద్యకారుల కమాను నడకలోని నైపుణ్యాన్ని శ్రద్ధగా గమనించి, రెండింటిని తన సాధనలో మేళవించుకున్నారు. మంచి ఎక్కడ ఉన్నా స్వీకరించడానికి ఆయన సంకోచించలేదు. స్వీకరించిన దానిని మన రాగలక్షణానికి లోబరచుకోవడంలో ఏమరుపాటు చూపలేదు.

1919లో విజయనగర మహారాజు పూసపాటి విజయరామ గజపతిరాజుగారు సంగీత కళాశాలను స్థాపించారు. సంస్థాన ఉద్యోగి ఒకరి కుమారుడు చూపులేనివాడై సంగీతంపై మక్కువ చూపగా, ఆ బాలునికి విద్య చెప్పించాలనే తలంపే ఆ కళాశాలకు బీజమైనదని చెబుతారు. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. నాయుడుగారు విద్యార్థిగా చేరడానికి అక్కడకు వెళ్లగా, ఆయన వాదనం విన్న పెద్దలు ఆచార్య పీఠమే ఇచ్చారని ఒక ప్రసిద్ధ గాథ. ఏమైనా, 26 ఏళ్ల వయసులో ఆయన ఆ కళాశాలలో ఫిడేలు ఆచార్యులైనారు. 1936లో నారాయణదాసుగారి తరువాత అధ్యక్ష పదవి చేపట్టారు. బడి చదువు పూర్తికాని వ్యక్తి ఒక విద్యాలయానికే పెద్ద అయినారు. ఘంటసాల వెంకటేశ్వరరావు, పి. సుశీల వంటి గాయకులు సంగీతం అభ్యసించినది ఈ కళాశాలలోనే.

ఆ కాలంలో కచేరీలో ఫిడేలుకు ప్రక్కవాద్యమనే స్థానం మాత్రమే ఉండేది. గాయకుడు పాడిన దానిని అనుసరించడం, ఆయన ఆగినచోట పూరించడం, తనకు వంతు వచ్చినప్పుడు కొంతసేపు వాయించడం వరకే దాని పని. నాయుడుగారు ఆనాటి ప్రముఖ గాయకులకు ప్రక్కవాద్యం వాయించి మెప్పించారు. అయినా ఫిడేలు తనంతట తానే ఒక కచేరీని నిలబెట్టగలదని ఆయన విశ్వసించారు. 1938లో వేలూరులో ఆయన చేసిన ఏకవాద్య కచేరి ఈ మార్గంలో తొలి అడుగుగా పేరు పొందింది. సాహిత్యం వినిపించకపోయినా శ్రోతకు కృతి అర్థమయ్యేలా వాయించడం ఆయన ప్రత్యేకత.

ఇదే కాలంలో ప్రపంచానికి మరొక కొనన ఇటువంటి కథే నడిచింది. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో పేద నల్లజాతి కుటుంబంలో 1901లో పుట్టిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, బాలల సంరక్షణాలయంలో బ్యాండు బాకా నేర్చుకొని, దానిని తన జాతి సుఖదుఃఖాలు పలికే జాజ్ సంగీతానికి గొంతుకగా మలచారు. జాజ్ వాద్యకారుడు తెలిసిన పాటను అప్పటికప్పుడు కొత్తగా అల్లుతాడు. మన విద్వాంసుడు ఆలాపనలో, స్వరకల్పనలో చేసేదీ అదే. దానిని మనవారు మనోధర్మం అన్నారు. పద్ధతులు వేరైనా, నేర్చిన నియమాలలోనే స్వేచ్ఛను వెదకుకోవడం రెండింటికీ సమానం. నేర్చిన పాఠాన్ని అప్పజెప్పడం ఒక దశ, ఆ భాషలో సొంతంగా మాట్లాడగలగడం మరొక దశ. ఆ రెండవ దశకు చేరడానికి ఒక జీవితకాలపు సాధన అవసరం.

గౌరవాలు నాయుడుగారిని వెదకుకుంటూ వచ్చాయి. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదునిచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణతో సత్కరించింది. 1952లో విశ్వవిఖ్యాత వాయులీన విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ భారతదేశానికి వచ్చినప్పుడు, మద్రాసులో న్యాయమూర్తి పి.వి. రాజమన్నారుగారి ఇంట నాయుడుగారి వాదనం విని ముగ్ధులైనారు. ఫిడేలు పుట్టిన ఖండపు సంగీతంలో ఆరితేరినవాడు, అదే వాద్యం మరొక భాష మాట్లాడుతుంటే విని తలవంచడం సామాన్య విషయం కాదు. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ లభించాయి.

కీర్తి వచ్చినా తన బాల్యంలోని చీకటిని ఆయన మరువలేదు. అంధుల సహాయనిధి కోసం 1952లో ఢిల్లీలో కచేరి చేశారు. చూపు తక్కువైన వారిపై ఆయన చూపినది జాలి మాత్రమే కాదు, వారి శక్తిపై నమ్మకం కూడా.

1953 అక్టోబరు 1న బళ్లారి జిల్లా విభజన జరిగి, ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్లారి మైసూరుకు చెందాయి. ఊళ్ల నడుమ గీత పడింది. చుట్టరికాలు, పంటలు, సంతలు ఆ గీతకు అటూ ఇటూ నిలిచాయి. కాని త్యాగరాజ కృతికి గాని, పురందరదాసుల దేవరనామానికి గాని ఆ గీత అడ్డు రాలేదు. బెంగుళూరులో పుట్టి, విశాఖలో పెరిగి, విజయనగరంలో బోధించి, మద్రాసులో మన్నన పొందిన నాయుడుగారి జీవితం కూడా ఏ ఎల్లకూ లోబడలేదు.

1964 నవంబరు 25న, 71 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. కుమార్తె ద్వారం మంగతాయారుగారు, ఇతర కుటుంబ సభ్యులు, శిష్యులు ఆ బాణీని కొనసాగించారు. శతజయంతి సందర్భంగా 1993లో భారత తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది.

నేటికీ మన పల్లెలలో చదువులో వెనుకబడిన బిడ్డను, చూపో వినికిడో తక్కువైన బిడ్డను, ఇంటి భాష ఒకటి బడి భాష మరొకటి కావడంతో తడబడే బిడ్డను తక్కువగా చూసే తల్లిదండ్రులు ఉన్నారు. ఆ బిడ్డకు ఏ విద్య అబ్బుతుందో ఓపికతో గమనించి, ఆ పనిముట్టును చేతికి అందించే ఒక అన్న, ఒక అక్క ఇంటిలో ఉంటే చాలు. ద్వారం వెంకటస్వామినాయుడుగారి జీవితం నుండి సరిహద్దు కుటుంబాలు గ్రహించవలసిన పాఠం ఇదే.