మూడుసార్లు తలుపు తట్టిన పిలుపు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఊళ్లలో ఎవరికైనా జబ్బు ముదిరితే ఇంట్లో పెద్దలు మొదట తలచుకునే ఊరు రాయవేలూరు. కుప్పంవాళ్లు రైలెక్కి కాట్పాడిలో దిగుతారు. మదనపల్లె, పుంగనూరు వాళ్లు చిత్తూరు మీదుగా బస్సులో వెళతారు. కాన్పు కష్టమైందన్నా, గుండెకు జబ్బు చేసిందన్నా సి.ఎం.సి. అనే మూడక్షరాలు మనకు కొండంత ధైర్యం. కానీ ఆ ఆసుపత్రి ఎలా పుట్టిందో తెలిసినవారు మన సంఘాల్లో తక్కువే. ప్రసవవేదనలో ఒకే రాత్రి కన్నుమూసిన ముగ్గురు తల్లులతో ఆ చరిత్ర మొదలవుతుంది. ఆ ముగ్గురి భర్తలకు సాయపడలేక కుమిలిపోయిన ఒక అమ్మాయి జీవితమే ఆ చరిత్ర. ఆమె పేరు ఐడా సోఫియా స్కడర్.

ఐడా 1870 డిసెంబరు 9న రాణిపేటలో పుట్టింది. తాత డాక్టర్ జాన్ స్కడర్ 1819లో అమెరికా నుంచి బయలుదేరి వచ్చిన తొలితరం వైద్య మిషనరీ. ఆయన కొడుకుల్లో ఏడుగురు మిషనరీలే అయ్యారు. వారు మొదలుపెట్టిన ఆర్కాటు మిషన్ రాణిపేట, వేలూరు, తిండివనం మొదలుకొని మన మదనపల్లె దాకా విస్తరించింది. ఐడా తండ్రి, రెండవ జాన్ స్కడర్ కూడా డాక్టరే. ఇంతటి కుటుంబంలో పుట్టిన పిల్ల సహజంగానే మిషనరీ అవుతుందని అందరూ అనుకుంటారు కదా! కానీ ఐడా మనసు అందుకు పూర్తిగా వ్యతిరేకం.

దానికి కారణముంది. 1876 నుంచి 1878 వరకు రాయలసీమను, తమిళ దేశాన్ని పట్టి పీడించిన ధాత కరువు ఆమె పసి కళ్లతో చూసింది. ఎముకల గూళ్లలాంటి పిల్లలకు రొట్టెముక్కలు తినిపించిన జ్ఞాపకం ఆమెను వెంటాడింది. తర్వాత కుటుంబం అమెరికా వెళ్లింది. కొన్నేళ్లకు తల్లిదండ్రులు సేవ కోసం తిరిగి ఇండియాకు వచ్చేశారు. అక్కడ మిగిలిపోయిన ఐడాకు తల్లి ఒడి దూరమైంది. మిషనరీ జీవితమంటే కరువు, చావులు, ఎడబాటు అని ఆమె మనసులో ముద్రపడిపోయింది. చక్కగా చదువుకొని, పెళ్లి చేసుకొని అమెరికాలోనే హాయిగా బ్రతకాలని ఆమె నిర్ణయించుకుంది.

1890లో తల్లికి జబ్బు చేసిందని కబురు వస్తే ఆమెను చూసుకోవడానికి మాత్రమే ఐడా తిండివనం వచ్చింది. తల్లి కోలుకోగానే తిరిగి వెళ్లిపోవాలన్నదే ఆమె ఆలోచన. తర్షీషుకు టికెట్టు కొన్న యోనాలాంటిదే ఆమె పరిస్థితి.

అలా ఉండగా ఒక రాత్రి ఎవరో తలుపు తట్టారు. వచ్చినవాడు ఒక బ్రాహ్మణ యువకుడు. పసి ప్రాయంలో ఉన్న తన భార్య కాన్పు కాలేక ప్రాణాపాయంలో ఉందని, వచ్చి కాపాడమని బతిమాలాడు. తన తండ్రి డాక్టరని, తాను తోడుగా వచ్చి ఆయనకు సాయం చేస్తానని ఐడా చెప్పింది. ఆ యువకుడు ఒప్పుకోలేదు. పరపురుషుడు తన ఇంటి ఆడవారిని ముట్టడానికి ఆచారం ఒప్పదన్నాడు. ఐడాకు వైద్యం తెలియదు. వైద్యం తెలిసిన తండ్రికి ప్రవేశం లేదు. అతడు తలవంచుకొని వెళ్లిపోయాడు. కొంతసేపటికి మళ్లీ తలుపు చప్పుడైంది. ఈసారి ఒక ముస్లిం భర్త. అదే కష్టం, అదే వేడుకోలు, అదే అభ్యంతరం. మూడోసారి మరో అగ్రకులపు హిందువు వచ్చాడు. అతడూ అలాగే వెనుదిరిగాడు.

ఆ రాత్రంతా ఐడాకు నిద్రలేదు. తెల్లవారేసరికి వీధిలోంచి చావు డప్పులు వినిపించాయి. పనివాణ్ణి పంపి విచారిస్తే ముగ్గురు తల్లులూ చనిపోయారని తెలిసింది.

బాలుడైన సమూయేలును దేవుడు రాత్రివేళ పిలిచినప్పుడు అతడు మూడుసార్లు ఏలీ దగ్గరికి పరుగెత్తాడని, నాలుగోసారి పిలిచినవాడెవరో గ్రహించి జవాబిచ్చాడని మనం సండేస్కూల్లోనే చదువుకున్నాం. ఐడాకు కూడా మూడు పిలుపులు తలుపు చప్పుళ్లుగా వచ్చాయి. ఆమె గదిలో ఒంటరిగా ప్రార్థించి, మరుసటి రోజు తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లి తాను డాక్టరు చదివి ఇండియాకు తిరిగి వస్తానని చెప్పింది.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఆ ముగ్గురు భర్తలు కఠినాత్ములని తీర్పు తీర్చడం సులువు. కానీ భార్య మీద ప్రేమ లేనివాడు అర్ధరాత్రి పరాయి మతస్థుల ఇంటి తలుపు తట్టడు. ప్రేమ ఉంది, కన్నీళ్లున్నాయి. ఆచారం అనే గోడ అంతకంటే ఎత్తుగా ఉంది. ఐడా ఆ భర్తల మీద కోపం పెంచుకొని కూర్చోలేదు. గోడకు ఇవతల ఉండి ఉపన్యాసాలు ఇవ్వలేదు. గోడ లోపలికి వెళ్లగలిగే మనిషిగా, అంటే వైద్యం తెలిసిన స్త్రీగా తాను తయారు కావాలని నిశ్చయించుకుంది. కనికరం అంటే కళ్లు చెమర్చడంతో ఆగిపోయేది కాదని, ఏళ్ల తరబడి చదువు, శ్రమ కూడా అందులో భాగమని ఆమె నిర్ణయం మనకు నేర్పుతుంది.

ఐడా 1895లో ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరింది. తర్వాత న్యూయార్క్‌లోని కార్నెల్ వైద్య కళాశాలకు మారి 1899లో డాక్టరైంది. స్త్రీలను చేర్చుకున్న మొదటి తరగతుల్లో అదొకటి. బయలుదేరేముందు వేలూరులో స్త్రీల ఆసుపత్రి కోసం చందాలు పోగు చేయమని మిషన్‌వారు చెప్పారు. ఒక ఇంట్లో ఆమె తన పని గురించి వివరిస్తుంటే పక్కగదిలోంచి షెల్ అనే వృద్ధ బ్యాంకరు విన్నాడు. చనిపోయిన తన భార్య మేరీ టేబర్ షెల్ జ్ఞాపకార్థం పదివేల డాలర్లు ఇచ్చాడు. భార్యలను పోగొట్టుకున్న ముగ్గురు భర్తల వల్ల మొదలైన పనికి, భార్యను పోగొట్టుకున్న మరో భర్త చేయూతనిచ్చాడు. దేవుని ఏర్పాట్లు ఎంత ఆశ్చర్యకరమో చూడండి!

1900 జనవరిలో ఐడా స్నేహితురాలు ఆనీ హాన్‌కాక్‌తో కలిసి ఇండియాలో దిగింది. తండ్రి దగ్గర పని నేర్చుకుందామనుకుంటే ఆయన అదే సంవత్సరం మే నెలలో మరణించాడు. ఆమె ఒంటరిదైపోయింది. ఆడ డాక్టరంటే జనానికి నమ్మకం లేదు. ఇంటి గది కిటికీనే మందుల దుకాణంగా చేసుకొని, ఒక్క మంచంతో, సలోమి అనే ఇంటిపని మనిషిని సహాయకురాలిగా పెట్టుకొని ప్రారంభించింది. రెండేళ్లలో ఐదువేలమందికి వైద్యం చేసింది. 1902లో 40 పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరుచుకుంది.

ఆ రోజుల్లో కాన్పు అంటే ఇంటి మూలగదిలో, ఊరి మంత్రసాని చేతిమీదుగా జరిగేది. ఎందరో మంత్రసానులు అనుభవంతో, ఓర్పుతో పురుళ్లు పోశారు. వారి మేలు మరువరాదు. కానీ బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, రక్తస్రావం ఆగనప్పుడు, శుభ్రతలేక విషజ్వరం వచ్చినప్పుడు వారి చేతిలో ఏమీ ఉండేది కాదు. నొప్పులు మొదలై రోజులు గడిచాక, ఆశ వదులుకున్నాక ఎడ్లబండిలో ఆసుపత్రికి తెచ్చేవారు. అలాంటి తల్లి పక్కన రాత్రంతా నిలబడి, బిడ్డ కేరుమన్నాక బయట వసారాలో కాచుకున్న భర్తకు తల్లీబిడ్డా క్షేమమని చెప్పగలగడం కంటే గొప్ప జీతం పురుడు పోసేవారికి ఏముంటుంది? తిండివనంలో ముగ్గురు భర్తలకు చెప్పలేకపోయిన ఆ మాట చెప్పడానికే ఐడా తన జీవితాన్ని ఇచ్చింది. ఆమె పెళ్లి చేసుకోలేదు. కానీ ఎన్నో కాపురాలను నిలబెట్టింది.

తాను ఒక్కతే ఎంతమందిని కాపాడగలదు? ఈ ప్రశ్న ఆమెను నిద్రపోనివ్వలేదు. 1909లో నర్సుల శిక్షణ ప్రారంభించింది. కారులో గుడియాత్తం దారిన వెళుతూ చెట్లకింద రోగులను చూసే రోడ్డుపక్క వైద్యం కూడా మొదలైంది. స్త్రీల కోసం వైద్య పాఠశాల పెడతానంటే మద్రాసు వైద్యాధికారి ముగ్గురు కూడా చేరరని నిరుత్సాహపరిచాడు. 1918లో పాఠశాల తెరిస్తే 151 దరఖాస్తులు వచ్చాయి! మొదటి పరీక్షలో పురుషులు ఎందరో తప్పితే, వేలూరు అమ్మాయిలు 14 మందీ ఉత్తీర్ణులయ్యారు. 1942లో అది డిగ్రీ కళాశాల అయింది. 1947 నుంచి పురుషులనూ చేర్చుకున్నారు.

ఈ వెలుగు మన వైపూ ప్రసరించింది. డాక్టర్ జేకబ్ చాంబర్లిన్ 1863 నుంచే మదనపల్లెలో సువార్తతో పాటు వైద్యమూ అందించాడు. 1911లో అదే ఊళ్లో స్త్రీలు, పిల్లల కోసం మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి వెలిసింది. ఐడా తర్వాత కళాశాలకు తొలి భారతీయ డైరెక్టరై నడిపించినది కూడా మన తెలుగుగడ్డ బిడ్డే. విశాఖపట్నంలో 1890లో పుట్టిన డాక్టర్ హిల్డా లాజరస్ స్వయంగా ప్రసూతి వైద్యురాలు. విత్తనం ఒకరు వేస్తే నీరు పోసినవారు మనవారు.

ఐడా 1946లో పదవీ విరమణ చేసి, 1960 మే నెలలో కొడైకెనాల్‌లో ప్రభువునందు నిద్రించింది. అప్పటికి ఆమెకు 89 ఏళ్లు.

నిర్గమకాండం మొదటి అధ్యాయంలో షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానులున్నారు. ఫరో ఆజ్ఞకు కాక దేవునికి భయపడి వారు పసివారిని బ్రతికించారు. అక్కడ ఫరో పేరు చెప్పని బైబిలు ఈ ఇద్దరు స్త్రీల పేర్లు భద్రంగా రాసిపెట్టింది. తల్లీబిడ్డల ప్రాణాలు కాపాడేవారిని దేవుడు ఎంత లెక్కలో ఉంచుతాడో దీనివల్ల తెలుస్తుంది.

ఈ రోజు పరిస్థితి చాలా మెరుగుపడింది. 2018-20 ప్రభుత్వ లెక్కల ప్రకారం లక్ష కాన్పులకు దేశంలో 97 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది తల్లులు చనిపోయారు. లెక్కలో 45 చిన్న సంఖ్యే. కానీ ఆ ఇంటికి ఆమె ఒక్కతే. కాబట్టి మన సంఘాల్లో గర్భిణులున్న ఇళ్లను కనిపెట్టి ఉందాం. వారిని ప్రతినెలా పరీక్షకు పంపిద్దాం. రక్తం అవసరమైతే మన యౌవనస్థులు ముందుకు రావాలి. అర్ధరాత్రి నొప్పులు వస్తే వాహనం పిలిచి తోడు వెళ్లే ఇద్దరు ప్రతి సంఘంలో ఉండాలి. నర్సు చదవాలని ఆశపడే పేదపిల్లకు ఫీజు కట్టగలిగే ఒక్క కుటుంబమైనా ఉండాలి. మన ఊళ్లో పురుళ్లు పోసే నర్సమ్మల పేర్లు ఆదివారం ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుందాం.

ఎవరి ఇంటి తలుపు తట్టాలో తెలియని భర్త ఈ రాత్రి కూడా ఎక్కడో ఉండవచ్చు. అతడు మన తలుపు తడితే ఖాళీ చేతులతో తిరిగి వెళ్లకుండా ప్రభువు మనల్ని ఇప్పటినుంచే సిద్ధపరచును గాక. ఆమేన్.